ఎగ్జాస్ట్ మూసుకుపోతే ఇంజిన్ వాక్యూమ్ ఎలా మారుతుంది: వాక్యూమ్ గేజ్‌తో లోపాన్ని నిర్ధారించే పద్ధతి

పెట్రోలు కారు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది, ఐడ్లింగ్‌లో నిమ్మళంగానే నడుస్తుంది, కానీ రోడ్డెక్కాక పికప్ అందుకోదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం ఒక హద్దు దాటదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు తగ్గించక తప్పదు, మైలేజ్ పడిపోతుంది. ఈ లక్షణాలున్న కారుకు స్పార్క్ ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు, ఎయిర్ ఫిల్టరు, చివరికి క్లచ్ ప్లేటు కూడా మార్చి, అసలు లోపం మాత్రం సైలెన్సర్ వైపు ఉందని ఆఖరున తెలుసుకునేవారు తక్కువేమీ కాదు. అంత ఖర్చు పెట్టకముందే ఒక వాక్యూమ్ గేజ్‌తో ఈ అనుమానాన్ని తేల్చుకోవచ్చు. అయితే గేజ్ మీద కనిపించే అంకె ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. ముల్లు ఎప్పుడు పడిపోతోంది, ఎంతసేపట్లో పడిపోతోంది, ఎగ్జాస్ట్‌ను వదులు చేసినప్పుడు తిరిగి లేస్తోందా లేదా అన్నవే ఇక్కడ సాక్ష్యాలు.

కారణం తెలియకుండా పరీక్ష చేస్తే

పెట్రోలు ఇంజిన్‌లో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి పలక) మూసి ఉన్నప్పుడు పిస్టన్లు గాలిని లాగుతూనే ఉంటాయి కానీ లోపలికి వచ్చే దారి ఇరుకుగా ఉంటుంది. అందువల్ల థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం బయటి వాతావరణ పీడనం కంటే బాగా తక్కువగా ఉంటుంది. ఆ తేడానే వాక్యూమ్ అంటున్నాం. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ సముద్రమట్టం దగ్గర ఐడ్లింగ్‌లో 17 నుంచి 22 పాదరసపు అంగుళాల వాక్యూమ్ చూపిస్తుంది, ముల్లు దాదాపు కదలకుండా నిలుస్తుంది.

ఇప్పుడు ఎగ్జాస్ట్ దారిలో ఎక్కడో అడ్డు పడిందనుకుందాం. ఎగ్జాస్ట్ స్ట్రోక్ ముగిసేసరికి కాలిన వాయువంతా బయటికి పోదు, కొంత సిలిండర్‌లోనే మిగిలిపోతుంది. బస్సులో దిగాల్సినవాళ్లు దిగకపోతే ఎక్కేవాళ్లకు చోటు ఉండదు కదా, ఇక్కడా అంతే: మిగిలిన వేడి వాయువు ఆక్రమించిన మేరకు కొత్త గాలికి, పెట్రోలుకు చోటు తగ్గుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిసేపు తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ సమయంలో ఆ వాయువు కొంత వెనక్కి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి కూడా తన్నుతుంది. దానికితోడు వాయువును బయటికి నెట్టడానికి పిస్టన్ అదనంగా శక్తి ఖర్చు పెట్టాలి. కాబట్టి అదే ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నిలబెట్టాలంటే థ్రాటిల్‌ను ముందుకంటే ఎక్కువ తెరవాల్సి వస్తుంది. థ్రాటిల్ తెరిస్తే మానిఫోల్డ్‌లో పీడనం పెరుగుతుంది, అంటే వాక్యూమ్ తగ్గుతుంది.

మరి ఐడ్లింగ్‌లో ఈ తేడా ఎందుకు కనిపించదు? ఇరుకు దారిలో వాయువు పోతున్నప్పుడు ఏర్పడే పీడన వ్యత్యాసం స్థూలంగా ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోడ్ లేకుండానే ఇంజిన్‌ను 750 నుంచి 2500 ఆర్పీఎంకు తీసుకువెళ్తే దాని గుండా పోయే వాయువు దాదాపు మూడు రెట్లు అవుతుంది, అడ్డంకి ముందు పేరుకునే పీడనం తొమ్మిది రెట్ల దాకా పోతుంది. అందుకే సగం మూసుకున్న క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ దారిలో కాలిన వాయువును శుభ్రం చేసే డబ్బా) ఉన్న కారు కూడా ఐడ్లింగ్‌లో 18 అంగుళాలు చూపించి పరీక్షించేవారిని నమ్మించగలదు. అసలు పరీక్షంతా 2500 ఆర్పీఎం దగ్గరే ఉంది.

ఈ పద్ధతి ఏ బండ్లకు పనికొస్తుంది

టర్బో లేని, నాలుగు స్ట్రోకుల, ఒకటి కంటే ఎక్కువ సిలిండర్లున్న పెట్రోలు, సీఎన్‌జీ, ఎల్‌పీజీ ఇంజిన్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో గాలిని థ్రాటిల్‌తో నియంత్రించరు కాబట్టి అక్కడ కొలవదగ్గ మానిఫోల్డ్ వాక్యూమ్ ఉండదు. బ్రేక్ బూస్టర్ కోసం విడిగా వాక్యూమ్ పంపు పెట్టేది కూడా అందుకే. టర్బో పెట్రోలు ఇంజిన్‌లో టర్బైనే కొంత అడ్డంకి కల్పిస్తుంది కనుక ఇక్కడ చెప్పిన అంకెలు వాటికి యథాతథంగా వర్తించవు. ఒకే సిలిండర్ ఉన్న మోటార్‌సైకిల్‌లో ముల్లు నిలకడగా ఉండక ఊగిపోతుంది, దాన్ని చదవడం వృథా ప్రయాస.

కావలసినవి

ఒక వాక్యూమ్ గేజ్, కొంత రబ్బరు హోస్, గొట్టాన్ని రెండు దారులుగా చీల్చే టీ ముక్కలు రెండు మూడు సైజులవి, ఆర్పీఎం చూడటానికి డ్యాష్‌బోర్డు మీటరు లేదా కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ ఉంటే మొదటి పరీక్షకు చాలు. గేజ్ మీద కొలమానం ఏదో ముందుగా చూసుకోవాలి: 1 పాదరసపు అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 3.39 కిలోపాస్కల్స్. 18 అంగుళాలన్నది మిల్లీమీటర్ల గేజ్ మీద 457గా, కిలోపాస్కల్ గేజ్ మీద 61గా కనిపిస్తుంది. రెండో పరీక్షకు చదరపు సెంటీమీటరుకు 0 నుంచి 1 కేజీ దాకా చూపించే చిన్న ప్రెజర్ గేజ్, ఆక్సిజన్ సెన్సార్ మరలో బిగించే అడాప్టర్, 22 మిల్లీమీటర్ల స్పానర్ అవసరమవుతాయి. పెద్ద కంప్రెషన్ గేజ్‌తో ఈ పని చేయబోవద్దు. మనం వెతికే పీడనం దాని మీద మొదటి గీతను కూడా దాటదు.

మొదటి దశ: ఇంజిన్‌ను సిద్ధం చేయడం

పరీక్ష ఆరుబయటే చేయాలి. షెడ్డు షట్టర్ సగం ఎత్తితే సరిపోతుందనుకోవడం ప్రమాదం. ఎగ్జాస్ట్ లోపమున్న కారులో, అందులోనూ కనెక్షన్లు వదులు చేశాక, కార్బన్ మోనాక్సైడ్ మనిషి ముఖం దగ్గరే వెలువడుతుంది, దానికి వాసన లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, గేరును న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచాలి. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజిన్‌ను వేడెక్కనివ్వాలి. ఏసీ, హెడ్‌లైట్లు ఆపాలి.

రెండో దశ: గేజ్ ఎక్కడ తగిలించాలి

చాలామంది పరీక్ష ఇక్కడే చెడిపోతుంది. గేజ్‌కు వచ్చే గొట్టం థ్రాటిల్ ప్లేటుకు ఇంజిన్ వైపున, అంటే మానిఫోల్డ్ నుంచే రావాలి. థ్రాటిల్ అంచు దగ్గర ఉండే రంధ్రం నుంచి తీసుకుంటే ఐడ్లింగ్‌లో ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు గొట్టాన్ని వాడుకోవచ్చు, కానీ అందులో ఒక చెక్ వాల్వ్ ఉంటుందన్న సంగతి మరవకూడదు. టీ ముక్కను మానిఫోల్డ్‌కు, ఆ వాల్వ్‌కు మధ్య వేయాలి. బూస్టర్ వైపు వేస్తే వాల్వ్ అప్పటిదాకా వచ్చిన అత్యధిక వాక్యూమ్‌ను పట్టి ఉంచుతుంది, ఇంజిన్‌లో వాక్యూమ్ పడిపోతున్నా ముల్లు దిగదు, లోపమున్న కారు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. అంత లావు టీ దొరకకపోతే, పెట్రోలు ట్యాంకు ఆవిరిని మానిఫోల్డ్‌కు పంపే పర్జ్ వాల్వ్ దగ్గరి సన్నని గొట్టాన్ని తీసి, మానిఫోల్డ్ వైపు ఉన్న ముక్కుకు గేజ్ తగిలించి, రెండో కొసను మూసేయవచ్చు.

ముల్లు మరీ వణుకుతుంటే హోస్‌ను వేళ్లతో కొద్దిగా నొక్కి పట్టుకుంటే నిలకడ వస్తుంది. పూర్తిగా నొక్కేస్తే మాత్రం పాత అంకే నిలిచిపోతుంది, జాగ్రత్త.

మూడో దశ: ఐడ్లింగ్ అంకె రాసుకోవడం

ఐడ్లింగ్‌లో ముల్లు ఎక్కడ ఉందో రాసుకోవాలి. ఊరి ఎత్తును లెక్కలోకి తీసుకోకపోతే ఇక్కడే పొరపాటు పడతాం. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. విజయవాడలోనో విశాఖ బీచ్ రోడ్డు దగ్గరో 19 అంగుళాలు చూపే ఇంజిన్, 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 17 చిల్లర, 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో 16 చూపించడం సహజం. మాన్యువళ్లలో ఇచ్చే అంకెలు సాధారణంగా సముద్రమట్టానికి లెక్కించినవి.

ఐడ్లింగ్‌లోనే ముల్లు 10 అంగుళాల లోపు ఉండి నిలకడగా ఉంటే, అది ఎగ్జాస్ట్ కంటే ముందు గాలి లీకో, వాల్వ్ టైమింగో అయ్యుండవచ్చు. వాటిని వేరు చేసే సంగతి తరువాత వస్తుంది.

నాలుగో దశ: 2500 ఆర్పీఎం దగ్గర నిలబెట్టడం

సాయానికి ఒకరిని కూర్చోబెట్టి ఆర్పీఎంను నెమ్మదిగా 2500కు తెచ్చి అక్కడే ఉంచమనాలి. యాక్సిలరేటర్ తొక్కగానే ముల్లు ఒకసారి కిందికి పడి లేస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆర్పీఎం కుదుటపడ్డాక కనిపించే అంకెను రాసుకుని, అక్కడి నుంచి కనీసం ఒక నిమిషం, వీలైతే రెండు నిమిషాలు ముల్లు మీంచి చూపు మరల్చకూడదు.

బాగున్న ఇంజిన్‌లో ఈ అంకె ఐడ్లింగ్ అంకెకు సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు ఎక్కువగానో ఉండి అక్కడే నిలుస్తుంది. ఎగ్జాస్ట్ మూసుకున్న ఇంజిన్‌లో మొదట 18 దగ్గర మొదలైన ముల్లు 17, 16, 15 అంటూ మెల్లగా దిగుతుంది. ఆర్పీఎం కూడా జారుతుంది, దాన్ని నిలబెట్టడానికి సహాయకుడు తెలియకుండానే కొంచెం ఎక్కువ తొక్కుతాడు. బాగా మూసుకుపోతే ముల్లు సున్నా వైపు దిగి ఇంజిన్ ఆగిపోనూవచ్చు.

ఈ మెల్లగా దిగడమే ఈ లోపానికి గుర్తు. దీనికి పైపులో వాయువు నెమ్మదిగా నిండడమే కారణమని చాలామంది చెబుతారు, కానీ ఎగ్జాస్ట్ పైపు నిండడానికి నిమిషం పట్టదు. అసలు జరిగేది వేరు: పైపు, కన్వర్టర్ వేడెక్కేకొద్దీ వాయువు వ్యాకోచిస్తుంది, ఎక్కువ ఘనపరిమాణం అదే సందులోంచి పోవాల్సి వస్తుంది, పీడనం పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి థ్రాటిల్ మరికాస్త తెరుచుకుంటే వాయువు ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోస్తూ పోతాయి. అందుకే పదిహేను సెకన్లు చూసి యాక్సిలరేటర్ వదిలేసేవారికి ఈ లోపం దొరకదు.

ఐదో దశ: ఒక్కసారి తొక్కి వదలడం

ఐడ్లింగ్‌కు తెచ్చి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా తొక్కి వెంటనే వదలాలి. బాగున్న ఇంజిన్‌లో ముల్లు సున్నా దగ్గరికి పడి, వదలగానే ఐడ్లింగ్ అంకెను దాటి 23, 24 అంగుళాల దాకా ఎగిరి, తిరిగి తన స్థానానికి వస్తుంది. ఎగ్జాస్ట్ మూసుకుంటే ఆ పై ఎగురు బలహీనంగా ఉంటుంది లేదా ఉండనే ఉండదు, ఐడ్లింగ్ అంకెకు రావడానికి కూడా ముల్లు తటపటాయిస్తుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లలో కంప్యూటర్ థ్రాటిల్‌ను తన ఇష్టం ప్రకారం నెమ్మదిగా మూస్తుంది కనుక, అక్కడ ఈ దశ ఫలితానికి సగం విలువే ఇవ్వాలి.

వేరే లోపాలతో తికమక పడకుండా

ఇన్‌టేక్ ప్యాకింగ్ దగ్గరో గొట్టం దగ్గరో గాలి లీకైతే ఐడ్లింగ్‌లో వాక్యూమ్ తక్కువగా ఉండి, ఆర్పీఎం పెంచితే మెరుగవుతుంది. ఎగ్జాస్ట్ అడ్డంకిలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, ఐడ్లింగ్‌లో బాగుండి పైన చెడుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడితే అంకె అన్ని వేగాల దగ్గరా రెండు మూడు అంగుళాలు తక్కువగా, కానీ నిలకడగా ఉంటుంది. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా తక్కువగానే, నిలకడగానే ఉంటుంది, అయితే తేడా ఇంకా ఎక్కువ. కాలిన వాల్వ్ ఉంటే ముల్లు లయబద్ధంగా ఒక్కో దెబ్బ కిందికి కొడుతుంది. కాలిన వాయువును కొంత ఇన్‌టేక్‌కు తిరిగి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే కాలిన వాయువు మానిఫోల్డ్‌లోకి వచ్చి వాక్యూమ్‌ను తగ్గిస్తుంది, కానీ అప్పుడు ఐడ్లింగే ముందుగా చెడుతుంది. అనుమానం ఉంటే ఆ దారిని తాత్కాలికంగా మూసి మళ్లీ కొలవాలి.

సైలెన్సర్ కొస దగ్గర చెయ్యి పెట్టి గాలి ఎంత వస్తోందో చూసే అలవాటు మన షెడ్లలో ఉంది. పూర్తిగా మూసుకుపోయిన బండిని అలా పట్టుకోవచ్చేమో గానీ, సగం మూసుకున్నదాన్ని చేత్తో కనిపెట్టగలమనడం నమ్మదగ్గ మాట కాదు.

స్కానర్ మాత్రమే ఉన్నవారికి

మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉన్న కారైతే గేజ్ లేకుండానే ఈ పరీక్ష చేయవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఆ సెన్సార్ వాతావరణ పీడనాన్ని చూపిస్తుంది: హైదరాబాద్‌లో 95, తీరంలో 101 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి. ఐడ్లింగ్‌లో 35 చూపిస్తే తేడా 60, దాన్ని 3.39తో భాగిస్తే 17.7 అంగుళాలు. 2500 దగ్గర మ్యాప్ అంకె నిమిషం పాటు పెరుగుతూ పోతే, అది గేజ్ ముల్లు దిగడంతో సమానం.

ఇందులో ఇంకో సూచన కూడా దాగి ఉంది. మ్యాప్ సెన్సార్ ఆధారంగా గాలిని లెక్కగట్టే కంప్యూటర్, మానిఫోల్డ్ పీడనం పెరిగేసరికి సిలిండర్లోకి ఎక్కువ గాలి వెళ్తోందనుకుని పెట్రోలు పెంచుతుంది. నిజానికి అక్కడ చోటు పాత వాయువుతో నిండి ఉంది. మిశ్రమం చిక్కబడి, ఆక్సిజన్ సెన్సార్ దాన్ని పట్టుకుని, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె) మైనస్ వైపుకు జారుతుంది. వచ్చే గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సార్ ఉన్న ఇంజిన్‌లో ఈ జారుడు సాధారణంగా కనిపించదు. ఇక స్కానర్‌లో పీ0420 అనే లోపపు కోడ్ రాలేదు కాబట్టి కన్వర్టర్ బాగుందనుకోవడం పొరపాటు. ఆ కోడ్ కన్వర్టర్ వాయువును ఎంత శుభ్రం చేస్తోందో చెబుతుంది తప్ప ఎంత వాయువును పోనిస్తోందో చెప్పదు.

ఆరో దశ: బ్యాక్ ప్రెజర్ కొలిచి నిర్ధారించడం

వాక్యూమ్ గేజ్ అనుమానాన్ని బలపరుస్తుంది, రుజువు మాత్రం ఎగ్జాస్ట్‌లోనే దొరకాలి. ఇంజిన్ కొంచెం చల్లారాక, కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్ కనెక్టరు ఊడదీసి, సెన్సార్‌ను విప్పి, దాని స్థానంలో అడాప్టర్ బిగించి ప్రెజర్ గేజ్ తగిలించాలి. రబ్బరు హోస్‌ను నేరుగా తగిలిస్తే కరిగిపోతుంది, మధ్యలో ఒక అడుగు రాగి గొట్టం ఉంటే మేలు. ఐడ్లింగ్‌లో 1 పీఎస్‌ఐ లోపు, 2500 దగ్గర 3 పీఎస్‌ఐ, అంటే సుమారు 0.2 కేజీ లోపు ఉంటే ఎగ్జాస్ట్‌కు ఢోకా లేదు. అంతకు మించి పెరుగుతూ పోతే అడ్డంకి ఖాయం.

ప్రెజర్ గేజ్ లేనివారు సెన్సార్ రంధ్రాన్ని తెరిచే ఉంచి, నాలుగో దశను మళ్లీ చేయవచ్చు. శబ్దం చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, వేడి వాయువు ఎగజిమ్ముతుంది కనుక ఆ వైపు వైర్లు, ప్లాస్టిక్ గొట్టాలు లేకుండా చూసుకోవాలి. ఇంతకుముందు 15కు దిగిన ముల్లు ఇప్పుడు 18, 19 దగ్గర నిలిచిపోతే అడ్డంకి ఆ రంధ్రానికి అవతల ఉందని తేలిపోయింది. దిగడం ఆగకపోతే ఎగ్జాస్ట్‌ను వదిలి టైమింగ్, కంప్రెషన్ వైపు వెళ్లాలి.

కారు అడుగున పైపు ముక్కలను బోల్టులతో కలిపే అంచును, అంటే ఫ్లాంజ్‌ను వదులు చేసి పరీక్షించే పాత పద్ధతిని ఈ కాలపు కార్లలో గుడ్డిగా అనుసరించకూడదు. చాలావాటిలో కన్వర్టర్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కే అతికి ఉంటుంది, ఫ్లాంజ్ దాని తరువాత వస్తుంది. అక్కడ విప్పితే కన్వర్టర్ జామైనా ముల్లులో మార్పు రాదు, లోపం లేదనుకుంటాం.

ఏడో దశ: అడ్డంకి ఎక్కడుందో పట్టుకోవడం

కన్వర్టర్ తరువాత ఉన్న రెండో ఆక్సిజన్ సెన్సార్ స్థానంలో కూడా పీడనం కొలవాలి. ముందు ఎక్కువ, తరువాత తక్కువ ఉంటే కన్వర్టరే. రెండు చోట్లా ఎక్కువ ఉంటే సైలెన్సరో, వెనక పైపో. స్పీడ్ బ్రేకర్‌కు తగిలి నొక్కుకుపోయిన పైపు కంటికి కనిపిస్తుంది. రెండు పొరల పైపులో లోపలి పొర కుంగిపోతే మాత్రం బయటికి ఏమీ తెలియదు. సైలెన్సర్ లోపలి పలక ఊడి పక్కకు జరిగి దారిని ఒకసారి మూసి ఒకసారి వదలడం కూడా జరుగుతుంది. పీడనం ఒక పూట ఎక్కువ, ఒక పూట మామూలుగా వస్తుంటే దీన్నే అనుమానించాలి. చల్లారిన కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో తట్టినప్పుడు గలగలమంటే లోపలి తేనెపట్టు దిమ్మ పగిలిందని అర్థం, కానీ చప్పుడు రాకపోయినంత మాత్రాన అది కరిగి ముద్దకట్టలేదని చెప్పలేం.

ఎనిమిదో దశ: కన్వర్టర్ ఎందుకు పోయిందో తేల్చడం

మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది, 2000 సంవత్సరం నుంచి సీసం కలిసిన పెట్రోలు అమ్మకం దేశమంతటా ఆగింది. సీసం పూతతో కన్వర్టర్ చెడే రోజులు పోయాయి. ఇప్పుడు అది మూసుకుపోవడానికి ప్రధాన కారణం మిస్‌ఫైర్. ఒక ఇగ్నిషన్ కాయిల్ పోయి సిలిండర్‌లో కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండితే, మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య పనిచేసే దిమ్మ కరిగేంత వేడెక్కుతుంది. రింగులు, వాల్వ్ సీళ్లు అరిగి ఆయిల్ కాలే ఇంజిన్‌లో బూడిద మెల్లగా రంధ్రాలను పూడుస్తుంది.

కరిగిన దిమ్మను పెట్రోలులో కలిపే క్లీనర్ ఏదీ తిరిగి తెరవలేదు, ఆ సీసాకు పెట్టే డబ్బు ప్లగ్గులకు పెట్టడం నయం. కన్వర్టర్‌ను పగలగొట్టి ఖాళీ డబ్బాను తిరిగి బిగించే పని కొందరు చౌకగా చేసిపెడతారు. వాక్యూమ్ బాగుపడుతుంది, కానీ చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ పరీక్షలో చిక్కు వస్తుంది, కాలని విషవాయువులు నేరుగా వీధిలోకి పోతాయి. మిస్‌ఫైర్ సరిచేయకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ ఆ దారినే పోతుంది. కాయిళ్లు, ప్లగ్గులు, ఇంజెక్టర్లు, ఆయిల్ వాడకం చూసి, మిస్‌ఫైర్‌ను చెప్పే పీ0300 వరుస కోడ్‌లు రావడం ఆగిందని తెలుసుకున్నాకే కొత్తది బిగించాలి.

తిరిగి అమర్చేటప్పుడు ఫ్లాంజ్‌లకు కొత్త ప్యాకింగులు వేయాలి, ఆక్సిజన్ సెన్సార్ మరలకు మాత్రమే వేడిని తట్టుకునే గ్రీజు రాసి, దాని కొసకు అంటకుండా చూడాలి. పాత కోడ్‌లు చెరిపి, ఇంజిన్ వేడెక్కాక నాలుగో దశను మరొక్కసారి పూర్తిగా చేసి, 2500 ఆర్పీఎం దగ్గర ముల్లు రెండు నిమిషాలు కదలకుండా నిలిచాక ఆ అంకెను, ఊరి పేరును సర్వీసు పుస్తకంలో రాసిపెట్టాలి. తరువాతి సారి కొలిచేటప్పుడు మాన్యువల్‌లోని సాధారణ అంకె కంటే ఆ బండి సొంత అంకెతో పోల్చడమే సరైన పద్ధతి.